రెండున్నర దగ్గర ఆగిన చెయ్యి

“నీకు మూడు దాకా లెక్కపెట్టడం రాదా?”

అడిగినవాడు బస్సు కండక్టరు. అడిగి ఊరుకోలేదు. చిల్లర నాణేలు ఒక్కొక్కటే ఎదుటి పొట్టి మనిషి అరచేతిలో పెడుతూ, “ఒకటి... రెండు... ఇక నువ్వే చూసుకో గురువుగారూ, ఆపైన నీకు కష్టం,” అన్నాడు. బస్సంతా గొల్లుమంది. ముందు సీట్లో పెద్దావిడ సంగతేమిటో తెలియకపోయినా నలుగురితో పాటు నవ్వింది. చారలచొక్కా అని అందరూ పిలిచే ఆ మనిషి తర్వాతి స్టాపులో దిగిపోయి, మిగతా దూరమంతా పాడైన మోకాలు ఈడ్చుకుంటూ నడిచి ఇల్లు చేరాడు.

ఇరవై రెండేళ్ళు కుస్తీ ప్రదర్శనల కంపెనీలో రెఫరీగా పనిచేసిన మనిషి అతను. నలుపూ తెలుపూ చారల చొక్కా తప్ప మరో బట్టలో జనం అతన్ని చూసింది లేదు గనక ఆ పేరే స్థిరపడిపోయింది. అంతకుముందు ఒక హార్డువేరు దుకాణంలో మేకులు తూచేవాడు. రింగు బిగించే బోల్టుల కోసం కంపెనీ ఓనరు స్వయంగా ఆ దుకాణానికి వచ్చి, కౌంటరు మీదుగా తొంగిచూసి, “నిలబడే ఉన్నావా, కూర్చున్నావా?” అని అడిగాడు.

“నిలబడే ఉన్నానండీ.”

“భేష్. రేపట్నుంచి నా దగ్గరికి వచ్చెయ్.”

పక్కన పొట్టివాడు నిలబడితే మల్లుడు మరో జానెడు పొడుగు కనిపిస్తాడు. ఆ ఉద్యోగానికి అతనికున్న మొదటి అర్హత అదే. మిగతా పని తర్వాత నేర్చుకున్నాడు, బాగా నేర్చుకున్నాడు.

ఆ కుస్తీల్లో గెలుపోటములు ముందే రాసిపెట్టి ఉంటాయని ఇప్పుడు బడిపిల్లలకి కూడా తెలుసు. తెలిసినవాళ్ళంతా “అదంతా నాటకమేగా” అని తేల్చేస్తారు, నాటకంలో పడ్డవాడి నడుము విరగదన్నట్టు. మనిషి దభీమని పడగానే రెఫరీ వంగి అతని చెయ్యి పట్టుకుని నొక్కుతాడు. తిరిగి నొక్కితే క్షేమం. నొక్కకపోతే దెబ్బ నిజంగానే తగిలిందన్నమాట, అప్పుడు ఆట ఆపాలి. ఎన్ని నిమిషాలు మిగిలాయో చెవిలో చెప్పేదీ రెఫరీయే. వీటన్నిటి మీదా ఓనరు పెట్టిన నియమం ఒకటి ఉంది: కిందపడ్డవాడి భుజాలు రెండూ నేలకి ఆని ఉంటే అరచేత్తో నేల మీద మూడు కొట్టి తీరాలి, మూడో దెబ్బతో అతను ఓడినట్టే. రాసిపెట్టినదానికి విరుద్ధమైనా సరే. కథని తర్వాత అతుకు వేసుకోవచ్చు. రెఫరీ మీద పోయిన నమ్మకానికి అతుకు పడదు.

ఆ రోజుల్లో కంపెనీ అంటే కొండ అనే మల్లుడే. విజేత బెల్టు పదేళ్ళకి పైగా అతని నడుము దిగలేదు. “కొండ కదలదు!” అని జనం అరిస్తే హాలు రేకులు అదిరేవి. అతని పద్ధతి ఒకటే. ప్రత్యర్థి వచ్చి అతని మీదపడి అణిచేస్తాడు, రెఫరీ ఒకటి కొడతాడు, రెండు కొడతాడు, మూడో దెబ్బకి చెయ్యి దిగుతుండగా, సరిగ్గా రెండున్నర దగ్గర, కొండ ఎడమ భుజం లేస్తుంది. అంతే, జనం కుర్చీల మీదికి ఎక్కేస్తారు. మొదటి తొమ్మిదేళ్ళలో ఆ భుజం ఒక్క క్షణం ముందు గాని, ఒక్క క్షణం వెనక గాని లేవలేదు.

ఆ ఏలుబడి ఎప్పుడు ముగిసింది? అభిమానుల్ని అడిగితే తేదీతో సహా చెబుతారు: పెద్ద స్టేడియంలో, నలభై వేల మంది ముందు, మెరుపు అనే కుర్రమల్లుడి చేతిలో. కంపెనీ పోస్టర్లు కూడా అదే చెబుతాయి. చారలచొక్కాని అడిగితే వేరే చెబుతాడు, కానీ అతన్ని ఎవరూ అడగరు. అడిగేది మూడు దాకా లెక్క వచ్చా అనే.

ముగిసింది అంతకు పధ్నాలుగు నెలల ముందు, ఒక మామూలు మంగళవారం మధ్యాహ్నం. సగం ఖాళీగా ఉన్న హాలు; ఒక మూల పైకప్పు కారుతోంది, కింద బకెట్టు పెట్టారు. ప్రత్యర్థి ఊరూపేరూ లేనివాడు. అతను కొండ మీదపడ్డాడు. చారలచొక్కా ఒకటి కొట్టాడు. రెండు కొట్టాడు. మూడో దెబ్బకి చెయ్యి దిగుతోంది. భుజం లేవలేదు.

నియమం ప్రకారం కొట్టెయ్యాలి. లేదా మనిషికి దెబ్బ తగిలిందని చేతులు రెండూ అడ్డంగా ఎత్తి ఆట ఆపాలి. అతను రెండూ చెయ్యలేదు. తొమ్మిదేళ్ళుగా రెండున్నర దగ్గర ఆ భుజం లేవడం చూసి చూసి, చెయ్యి తనంతట తానే గాలిలో ఆగిపోయింది. అతను ఆపలేదు; అది ఆగింది. బస్సెక్కే చివరి మనిషి కోసం డ్రైవరు కాలు బ్రేకు మీద ఉండిపోయినట్టు. హాలంతా ఆ చేతినే చూసింది. మీద పడుకున్నవాడికి కూడా ఏం చెయ్యాలో తోచక, ఒక క్షణం చూసి, తనే పక్కకి దొర్లాడు.

చారలచొక్కా వంగి కొండ ఎడమ చెయ్యి నొక్కాడు. జవాబు రాలేదు.

“చెయ్యి తెలీటం లేదు, తమ్ముడూ,” అన్నాడు కొండ, పెదవి కదలకుండా.

“ఆపేద్దాం అన్నా.”

“ఆపావంటే చంపేస్తా. ఎంత ఉంది?”

“నాలుగు నిమిషాలు.”

ఆ నాలుగు నిమిషాలూ ఒంటిచేత్తో నెట్టుకొచ్చి, రాసిపెట్టినట్టే గెలిచాడు కొండ. బయటినుంచి చూసినవాళ్ళకి కనిపించింది ఒకటే: రెఫరీ లెక్క మధ్యలో ఆపి కొండని గెలిపించాడు.

ఓనరు కోప్పడతాడని చారలచొక్కా భయపడ్డాడు. ఓనరు కోప్పడలేదు, సంబరపడ్డాడు. “ఏమయ్యా, బంగారం లాంటి కథ దొరికింది. ఇవాళ్టినుంచి నువ్వు అమ్ముడుపోయిన రెఫరీవి. కొండ కింద పడితే నెమ్మదిగా కొట్టు, అవతలివాడు పడితే టకటకా కొట్టు. జనం నిన్ను తిట్టుకుంటూ టికెట్లు కొంటారు.”

“సార్, జనం నిజమనుకుంటారు.”

“అనుకోవాలనేగా మన బాధ! మనమంతా ఒక కుటుంబం కాదుటయ్యా?”

మనమంతా ఒక కుటుంబం అనే మాట ఏ కంపెనీలో వినిపించినా ఉద్యోగి మెల్లగా తన జేబు తడిమి చూసుకోవడం మంచిది. ఆ కుటుంబం కోసం చారలచొక్కా పధ్నాలుగు నెలలు తిట్లు తిన్నాడు. అతని మీద నీళ్ళ సీసాలు పడ్డాయి. ఒకసారి ఒక చెప్పు పడింది. జత రెండోది కూడా పడుంటే పనికొచ్చేదని భార్య అంది. కొండ భుజం మాత్రం మళ్ళీ పూర్వంలా లేవలేదు. రెఫరీ నెమ్మదిగా కొట్టబట్టి అది లేచినట్టు కనిపించేది. పధ్నాలుగు నెలల ఏలుబడి నిలబడింది ఈ పొట్టివాడి చేతి మీద.

ఇంట్లో దాచగలిగింది కూడా ఏమీ లేదు. అతని భార్య ఆ కంపెనీకే దుస్తులు కుట్టే టైలరు. ముందుగదిలో మిషను, గోడకి మేకులకు వేలాడే మెరుపుల నిక్కర్లు, భుజాల దగ్గర పొలుసులు కుట్టిన కొండ కోటు. ప్రతి మూడు నెలలకీ కొలతలు తీసి, తేదీ వేసి, నోటుపుస్తకంలో రాసేది. ఆ మంగళవారం తర్వాత మొదటిసారి కొలిచినప్పుడే టేపు చుట్టి జేబులో పెట్టుకుంటూ భర్తతో అంది: “మీ కొండ ఒకవైపు కరుగుతోందండీ. ఎడమ జబ్బ అంగుళమున్నర తగ్గింది. దూది పెట్టి కుట్టనా?”

“పెట్టు. ఎవరికీ చెప్పకు.”

“చెప్పడానికి నాతో మాట్లాడేవాళ్ళెవరు? వీధిలో అందరూ దొంగ రెఫరీ పెళ్ళాం అని తప్పుకుపోతున్నారు.”

స్టేడియం రోజున ఓనరు చారలచొక్కాని లోపలికి రానివ్వలేదు. కథ ప్రకారం దొంగ రెఫరీ పోయి నిజాయితీపరుడైన కొత్త రెఫరీ రావాలి. ఆ కొత్తవాడు ఉతికిన చొక్కా వేసుకుని, ఒకటి, రెండు, మూడు అని బల్ల గుద్దినట్టు కొట్టాడు. నలభై వేల మంది న్యాయం గెలిచిందని లేచి నిలబడ్డారు. లెక్క మూడు దాకా వెళ్ళినందుకు మనిషికి అంత కీర్తి వచ్చిన సందర్భం మరొకటి ఉండదు.

మూడేళ్ళు గడిచాయి. ఉద్యోగం పోయిన చారలచొక్కా మళ్ళీ హార్డువేరు దుకాణానికే వెళ్ళాడు, కాకపోతే మోకాలి పుణ్యమా అని ఇప్పుడు స్టూలు మీద కూర్చుని మేకులు తూస్తున్నాడు. ఈలోగా పాత మల్లులంతా పత్రికలకెక్కి లోగుట్టంతా చెప్పేసుకున్నారు. దాచాల్సిన రహస్యమంటూ ఏదీ మిగల్లేదు, ఇతనిది తప్ప. కుస్తీలు నాటకమని ఒప్పుకున్నవాళ్ళు కూడా, ఆ మంగళవారం అతను చెయ్యి ఆపింది మాత్రం లంచానికేనని నమ్ముతూనే ఉన్నారు. అప్పుడే ఓనరు కుస్తీ బడి పెడుతున్నాడని, రెఫరీలకు పాఠం చెప్పేవాడు కావాలని తెలిసింది. నెలజీతం, రింగులో పరిగెత్తే పని లేదు. పడ్డ మనిషి చెయ్యి ఎప్పుడు నొక్కాలో, ఎంత నొక్కాలో తనకంటే ఎవరికి తెలుసు? వెళ్ళి అడిగాడు.

ఓనరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “నువ్వు చెప్తే పిల్లల్ని చేర్పిస్తారటయ్యా? అమ్ముడుపోయినవాడని ఊరంతా అనుకుంటుంటే?”

“అనుకునేలా చేసింది మీరే కదండీ.”

“కాదన్నానా? కొండ చేత ఒక్క ముక్క రాయించుకురా. ఆ మంగళవారమే నా భుజం పోయింది, రెఫరీ తప్పు లేదు అని. సోమవారం లోపల తెస్తే ఉద్యోగం నీది.”

చారలచొక్కా ఆ సాయంత్రమే భార్య తీసిచ్చిన కొలతల నోటుపుస్తకం సంచిలో వేసుకుని బయల్దేరాడు. కొండ ఇప్పుడు పరుపుల దుకాణం నడుపుతున్నాడు. పరుపు గట్టిదో కాదో చూపించమని ఎవరైనా అడిగితే వెల్లకిలా పడి చూపిస్తాడు. సగం అమ్మకాలు అలాగే జరుగుతాయి. పై అర మీది దిండ్లు తియ్యాలంటే మాత్రం పనివాణ్ణి పిలుస్తాడు.

“రా తమ్ముడూ, కూర్చో. దాని మీద వద్దు, అది మెత్తన, లేవలేవు.” విషయమంతా విన్నాడు. విని, ఒక దిండుకి కవరు తొడుగుతూ అన్నాడు: “ఆ రోజు నువ్వు మూడు కొట్టుంటే నా పని అప్పుడే అయిపోయేది. అది నాకూ తెలుసు.”

“అదే రాసివ్వమంటున్నాను అన్నా. ఒక్క వాక్యం.”

“రాయలేను.”

“ఎందుకు రాయలేవు? పరువా?”

“పరుపులమ్ముకునేవాడికి పరువేంట్రా? ఇన్సూరెన్సు. భుజం స్టేడియంలో పోయిందని కాగితాల మీద ఉంది. అంతకు ఏడాది ముందే పోయింది, తెలిసే ఆడాను అని రాశాననుకో, ఇచ్చేది ఆపడమే కాదు, ఇచ్చింది కూడా కక్కిస్తారు. ఆపరేషన్ డబ్బంతా అదే. ఈ షాపు కూడా అదే.”

చారలచొక్కా సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. కొండ పేజీ తిప్పి, తేదీ చూసి, అంకె చూసి, తన ఎడమ జబ్బ వైపు చూసుకున్నాడు.

“మీ ఆవిడ దస్తూరీ బాగుంటుంది,” అన్నాడు. “ఇది ఓనరుకి చూపిస్తావా?”

“చూపిస్తే నాకు ఉద్యోగం వస్తుంది.”

“వస్తుంది.”

“నీ షాపు పోతుంది.”

“పోతుంది. నేనేం కాళ్ళు పట్టుకోను. నీ ఇష్టం.”

బతిమాలినా బాగుండేది; తిట్టి లేచి వచ్చేసేవాడు. “తనంతట తానే ఆగిన చెయ్యి గురించి నేను తిట్లు తినాలి, నువ్వు లేపలేని భుజానికి నీకు డబ్బులు రావాలి. ఏం బతుకన్నా ఇది?” అని గట్టిగా అరిచాడు. పరుపు బేరం చేస్తున్న మొగుడూపెళ్ళాలు మాట ఆపి చూశారు. మొగుడు గుర్తుపట్టినట్టున్నాడు, పెళ్ళాం చెవిలో ఏదో అన్నాడు. ఆవిడ కిసుక్కున నవ్వింది.

చారలచొక్కా పుస్తకం తీసి మళ్ళీ సంచిలో వేసుకున్నాడు. దీన్ని త్యాగమనీ స్నేహమనీ పొగిడేవాళ్ళు పొగుడుకోవచ్చు. అతనికి మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

“డబ్బంతా చేతికొచ్చాక రాసిస్తాను, ఒట్టు,” అన్నాడు కొండ వెనకనుంచి.

“సోమవారానికి వస్తుందా?”

కొండ మరో దిండు తీసి కవరు తొడగసాగాడు.

ఇంటికొచ్చి సంగతి చెబితే భార్య మిషను ఆపకుండానే, “పుస్తకం ఇచ్చి పంపింది ఓనరుకి చూపించమనే. నా కొలతలకి కూడా విలువ లేకుండా చేశారు,” అంది.  సోమవారం ఓనరు ఆ ఉద్యోగం స్టేడియంలో మూడు కొట్టిన రెఫరీకి ఇచ్చాడు. బడి గోడ మీద ఆ మూడో దెబ్బ పెద్ద ఫొటో కట్టించాడు. కింద స్టేడియం తేదీ వేసి, కొండ ఏలుబడి ముగిసిన రోజు అని రాయించాడు.

ఇన్సూరెన్సు కంపెనీ కొండకి ఏడాదికొక వాయిదా చొప్పున చెల్లిస్తోంది. ఇంకా నాలుగు వాయిదాలు రావాలి.