ఆయన తెచ్చిన ఇటలీ బ్యాగు

తుర్కపల్లి ల్యాబులో ఉద్యోగం మానేసిన ఏడాదే నాకు బ్యాగులు చూసే పని దొరికింది. ఖరీదైన విదేశీ బ్యాగులను సెకండ్ హ్యాండ్‌లో అమ్మిపెట్టే ఒక కంపెనీకి, వచ్చినవి అసలువో నకిలీవో తేల్చి చెప్పాలి. పదిహేనేళ్లు మైక్రోస్కోపులో చూసిన కళ్లు నావి. కుట్లు చూడటం కష్టమనిపించలేదు. కష్టమల్లా మాట్లాడటానికి మనిషి లేకపోవడమే. ల్యాబు రోజుల్లో కంపెనీ క్యాబులోనైనా పక్క సీట్లో ఎవరో ఒకరు ఉండేవారు. ఇప్పుడు బహదూర్‌పల్లి ఫ్లాటులో నేనూ, కొరియర్‌లో వచ్చే అట్టపెట్టెలూ. కొన్ని రోజులైతే, పొద్దున్నే పాలతను "అమ్మా, పాలు" అన్నదొక్కటే నా చెవిన పడే మాట.

ఎక్కువగా వచ్చేవి ఒకే ఇటలీ సంస్థవి. అది మొదట్లో గుర్రపు జీనులు కుట్టే చిన్న దుకాణమట. ఆ తర్వాత ప్రయాణపు పెట్టెలు, ఆ పైన ఆడవాళ్ల చేతిసంచులు. జీనులు కుట్టిన అలవాటు పోక, వాళ్ల పాత బ్యాగుల్లో ప్రతి కుట్టూ ఒకే వైపు కొద్దిగా వాలి ఉంటుంది. తర్వాత మెషిన్లు వచ్చాయి. అందుకే మళ్లీ అమ్మేటప్పుడు చేత్తో కుట్టిన పాతవాటికే గిరాకీ. నకిలీ చేసేవాళ్లు ముద్ర దించేస్తారు, తోలూ దించేస్తారు; ఆ వాలు మాత్రం వాళ్లకు చిక్కదు.

పోయిన వానాకాలంలో మేడ్చల్ నుంచి ఒక బ్యాగు ఫొటోలు వచ్చాయి. దగ్గరే కదా, ఇంటికే వెళ్లి చూడమన్నారు. చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు. అరవై దాటిన ఆవిడ ఒక్కతే ఉంది. నాకు కుర్చీ వేసి చాయ్ ఇచ్చింది.

"మా అన్న కొడుకు ఊకోక ఫోన్ల ఫొటోలు వెట్టిండు మేడం. గిది డూప్లికేటే. మీరు ఉత్తగ అంత దూరం వచ్చిండ్రు," అంటూ బ్యాగులోంచి బైబిలు, పాటల పుస్తకం, కళ్లజోడు తీసి మంచం మీద పెట్టింది.

గోధుమరంగు తోలు. అంచులు నల్లబడ్డాయి, అడుగున నూనె మరక. భూతద్దం పెట్టి చూశాను. కుట్లన్నీ ఒకే వైపు వాలి ఉన్నాయి. లోపలి ముద్ర, జిప్పు, అస్తరు ఒక్కొక్కటీ రెండోసారి చూశాను.

"ఇది మీకెక్కడిదండీ?" అని అడిగాను.

ఆవిడ భర్త దుబాయిలో ఒక ఇటలీ ఇంజనీరు ఇంట్లో వంట చేసేవాడట. వాళ్లు ఆ దేశం వదిలి వెళ్లిపోతూ, ఇంటావిడ తన బ్యాగు ఇతనికి ఇచ్చిందట.

"మూడేండ్లకు ఇంటికొచ్చి గిది నా చేతుల వెట్టిండు. అసలుదే, మస్తు కిమ్మతుదన్నడు. నేనేమో బంగారం తెస్తడనుకున్న. మా అక్కచెల్లెండ్లమంత నవ్వినం. చార్మినార్ కాడ కొనుక్కొచ్చి కత చెప్తున్నవా అన్న. ఓ రెండు మూడు సార్లు చెప్పిండు. ఇగ చెప్పుడు బంద్ వెట్టిండు. ఆయన పోయి నాలుగేండ్లయింది."

మంచి కబురు చెబుతున్నాననుకుని నవ్వుతూనే అనేశాను. "అమ్మా, ఇది అసలుదే."

ఆవిడ నవ్వలేదు. "మంచిగ చూసిండ్రా?"

"రెండుసార్లు చూశాను."

బ్యాగును ఒళ్లోకి తీసుకుని, కుట్ల మీద వేలితో మెల్లగా రాసింది. "అబద్ధమాడుతుండనుకున్న మేడం," అంది. ఎంత ధర పలుకుతుందో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, అమ్మనంది.

మనసు మార్చుకున్నారని కంపెనీకి రాసి ఊరుకున్నాను. వచ్చేసేముందు, మరక తీయడం గురించి అడగాలంటే ఫోన్ చెయ్యమని ఆవిడకు నా నంబరు ఇచ్చాను. మరక ఒక వంక మాత్రమే. ఎవరైనా ఫోన్ చేస్తే బాగుండునని నాకుంది.

మూడో ఆదివారం మధ్యాహ్నం చేసింది.

"చర్చిల అందరికి చెప్పిన మేడం, గిది అసలుదేనని. మీరు చూసిండ్రని గూడ చెప్పిన. ఒక్కలు గూడ నమ్మలే. నవ్విండ్రు."

"నేను వచ్చి చెప్పనా?"

"వద్దు మేడం. గిప్పుడు ఎర్కయింది, గాయనకు ఎట్లుండెనో."

ఫోన్ ఇద్దరం పెట్టేయలేదు. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వింటూ అలాగే కూర్చున్నాను.