జాన్ టేపుకు నేను పోసిన తలంటు

ఎవరూ అడగకుండా మేలు చేయడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. అది ముదిరి, ఆస్ట్రేలియాలోని టూవూంబాలో ఒక పెద్దమనిషి ప్రాణంలా దాచుకున్న వస్తువును ఒక్క వారంలో ఎలా నాశనం చేశానో ఇప్పుడు చెబుతాను. మధ్యలో ఎక్కడైనా నామీద జాలి కలిగితే దయచేసి దిగమింగుకోండి. ఆ రోజు అక్కడున్నవాళ్ళలో ఎవరికీ కలగలేదు, మీరొక్కరూ ఎందుకు శ్రమపడటం.

అప్పుడు నేను అక్కడి యూనిలో, అంటే యూనివర్సిటీలో, మాస్టర్స్ చదువుతున్నాను. నేనూ, వరంగల్ వంశీగాడూ కలిసి కెవ్ అనే ఆయన ఇంటి వెనక రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం. కెవ్ జీవితమంతా టైర్ల షాపు నడిపి రిటైరైన మనిషి. సత్యనారాయణ అన్న నా పేరును మొదటి రోజే పంక్చరైన టైరులా కోసి 'సాట్' చేశాడు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే అనుకోండి. నాకు అర్థమైనంత తెలుగులో రాస్తున్నాను, అర్థం కానిది అప్పట్లో లాగే నవ్వి ఊరుకుంటున్నాను.

కెవ్‌కి ఈ లోకంలో రెండే ఇష్టాలు. ఒకటి ఆయన భార్య జాన్. రెండోది 'డ్యాంప్ కార్పెట్స్' అనే పోస్ట్-పంక్ బ్యాండు. తడిసిన తివాచీలు అని తెలుగు చేసుకోవచ్చు, వాసనతో సహా. పోస్ట్-పంక్ అంటే ఏమిటని ఒకసారి అడిగాను. గంటన్నర చెప్పాడు. నాకు అర్థమైన సారం ఏమిటంటే, పంక్ వాళ్ళు కోపమొస్తే గిటారు విరగ్గొడతారు, వీళ్ళు అదే కోపంతో విరగ్గొట్టకుండా వాయిస్తారు. గిటారుకు ఏది మేలో నేనింకా తేల్చుకోలేదు.

జాన్ పోయి అప్పటికి రెండేళ్ళు. ఆవిడ పుట్టినరోజుకు దగ్గర పడే ఆదివారం ఆర్వోలో, అంటే మధ్యాహ్నం పూట, ఆ బ్యాండు పాత అభిమానులు ఐదారుగురు కెవ్ పెరట్లో చేరేవాళ్ళు. ఒక పక్క బార్బీ అని వాళ్ళు పిలుచుకునే పెరటి పొయ్యి మీద సాసేజీలు మాడుతుంటే, ఇంకో పక్క ఉన్న రెండే రెండు ఆల్బమ్‌ల మీద యుద్ధం సాగేది. మొదటి ఆల్బమ్ పేరు 'నో పార్కింగ్'. రెండోది 'నో పార్కింగ్, ఆదివారాలు కూడా'.

"మొదటిదే ఆల్బమ్. రెండోదాంట్లో కీబోర్డు పెట్టారు," అనేది డెబ్. పక్కవీధిలో ఉండే రిటైరైన నర్సు. కీబోర్డు అన్న మాటను ఆవిడ, మనవైపు 'ఆ ఇంటికి పిల్లనిచ్చారా' అని అడిగే గొంతుతో అనేది.

"రెండోది రాకపోతే మొదటిది ఎంత బాగుందో నీకెలా తెలిసేది?" అనేవాడు కెవ్.

ఆల్బమ్‌ల దగ్గర ఎంత కొట్టుకున్నా, మొదటి షో దగ్గరకొచ్చేసరికి అందరూ ఒకటే. ఫుట్‌బాల్ క్లబ్బు హాలు. బయట వాన, లోపల కూడా కొంచెం వాన. వచ్చింది పదకొండు మంది, అందులో ఇద్దరు నేల తుడవడానికి వచ్చినవాళ్ళు. కరెంటు రెండుసార్లు పోయింది. రెండుసార్లూ డ్రమ్మరు గమనించలేదు. ఆ పదకొండు మందిలో జాన్ ఉంది, ఆవిడ ఒళ్ళో టేప్ రికార్డరు ఉంది. ఆ షోకి లోకంలో మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం ఆ క్యాసెట్టు. మా బృందంలో జాన్‌కి 'తొలి అభిమాని' అని బిరుదు. ఆవిడ పేరు చెప్పి బీరు సీసా ఎత్తనిదే ఎవరూ సాసేజీ ముట్టేవారు కాదు.

ఆ ఏడాది పుట్టినరోజుకు వారం ముందు, కెవ్ ఒక బిస్కట్ల డబ్బా పట్టుకుని మా గదికొచ్చాడు.

"సాట్, నువ్వు కంప్యూటర్ల మనిషివి కదా?"

నా జీవితంలోని సకల అనర్థాలూ ఈ ఒక్క వాక్యంతోనే మొదలయ్యాయి. మా పెదనాన్న ఇదే మాట అని టీవీ రిమోటు ఇచ్చాడు. మా అత్తయ్య ఇదే మాట అని గ్రైండరు ఇచ్చింది. కెవ్ క్యాసెట్టు ఇచ్చాడు.

"ఇది జాన్ టేపు. నా ప్లేయరు పాడైపోయింది. తను పోయాక ఒక్కసారీ వినలేదు. దీన్ని కంప్యూటర్లోకి ఎక్కించగలవా? ఆదివారం అందరం విందామని."

"తప్పకుండా అంకుల్."

"అంకుల్ అనకు."

"సరే అంకుల్."

"ఎక్కిస్తే చాలు, మేట్. ఇంకేమీ చేయనక్కర్లేదు."

ఆ చివరి వాక్యాన్ని మీరు విన్నారు. వంశీగాడు విన్నాడు. గుమ్మం దగ్గర కెవ్ కుక్క కూడా విన్నది. నేనొక్కణ్ణే వినలేదు.

పాత సామాన్లు అమ్మే ఆప్ షాపులో ఒక క్యాసెట్ ప్లేయరు పట్టుకొచ్చి, వైరు పెట్టి, టేపును కంప్యూటర్లోకి ఎక్కించాను. బ్రహ్మాండంగా ఎక్కింది. అక్కడితో లేచి ఉంటే ఈ రచనా లేదు, ఈ పరువునష్టమూ లేదు. మర్యాదగా మొదటికి తిప్పి ఇద్దామని రివైండ్ నొక్కాను. ప్లేయరు గుర్రుమని, టేపును నమలడం మొదలుపెట్టింది. మూత తీసి లాగితే మూరలు మూరలుగా వచ్చి తెగింది.

వంశీగాడు వంటగదిలోంచి తొంగి చూశాడు. "ఏందిరా అది, సేమ్యానా?"

"కెవ్ అంకుల్ టేపు."

"ఓర్నీ. పాయసం జేసి ఇస్తవా మరి?"

"ఫైలు ఉందిలేరా," అన్నాను, లేని ధైర్యం గొంతులోకి తెచ్చుకుని. ఉన్నమాట నిజమే. అసలు పోయినా నకలు ఉంది. దాన్ని కాపాడుకోవాల్సిన మనిషి నేను. అదే వచ్చిన చిక్కు.

అసలు పోగొట్టినందుకు నకలునైనా ముద్దుగా తయారుచేసి ఇద్దామనుకుని ఫైలు విన్నాను. మిక్సీలో చెంచా మర్చిపోయి మూత పెట్టి తిప్పితే వచ్చే చప్పుడు మీకు తెలుసా? దానికి తాళం వేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"రెండు దినాలసంది ఏం లొల్లిరా ఇది?" అన్నాడు వంశీ.

"పాట."

"పాటెనక ఎవడో రేకుల షెడ్డు కూలగొడుతుండు."

"అదే గిటారు."

గిటారు సరే, మైకు పక్కనే ఎవరో ఒకావిడ పాటపాటకీ దగ్గుతోంది. చిప్స్ పొట్లం గరగరలాడిస్తోంది. ఏదో గొణుగుతోంది, నవ్వుతోంది. పబ్లిక్ ప్లేసులో ఎలా మసులుకోవాలో తెలియని మనిషి అని నాకు చికాకేసింది. ఒళ్ళో పెట్టుకుని రికార్డు చేసిన మనిషి గొంతే అన్నిటికన్నా దగ్గరగా వినబడుతుందన్న సంగతి, రెండు డిగ్రీల మేధావికి తట్టలేదు.

ఇంగ్లీషులో 'సాట్' అంటే కూర్చున్నాడు అని. పేరు సార్థకమయ్యేలా నాలుగు రోజులు కదలకుండా కూర్చున్నాను. శబ్దాలను శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి దింపుకుని మొదట బుసను తీసేశాను. తర్వాత గుయ్యిమనడాన్ని తీశాను. కీచుమన్న చోటల్లా కోశాను. తాళం తప్పిన డ్రమ్మును పట్టి వరసలో నిలబెట్టాను. ఇక ఆ దగ్గులావిడను ఒక్కొక్క దగ్గూ ఏరి, బియ్యంలో రాళ్ళు తీసినట్టు తీసిపారేశాను.

పారేశానంటే నిజానికి పారేయలేదు. తీసేసిన శబ్దాన్ని ఉంచాలా, వదిలేయాలా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. ఎవర్ని అడుగుతోంది? ఐస్‌క్రీమ్ డబ్బాలో కారప్పొడి, బిస్కట్ల డబ్బాలో సూదీదారం, ఒక ప్లాస్టిక్ సంచిలో తొంభై ప్లాస్టిక్ సంచులు దాచే ఇంట్లో పుట్టినవాణ్ణి. 'ఉంచు' అని నొక్కి, 'చెత్త' అని ఒక ఫోల్డరు తెరిచి అందులో పడేశాను. శుభ్రమైన ఫైలును మాత్రం పాత పేరుతోనే, పాత ఫైలు మీదనే సేవ్ చేశాను. బ్యాకప్ ఎందుకు తీయాలో పరీక్షలో పది మార్కుల ప్రశ్న వస్తే నాకు తొమ్మిది వచ్చాయి. ఆ పోయిన ఒక్క మార్కూ ఎందుకు పోయిందో ఇప్పుడు తెలుస్తోంది.

ఆదివారం వచ్చింది. పెరట్లో కుర్చీలు వేశారు. టేబుల్ మీద జాన్ ఫొటో, పక్కన స్పీకరు. కెవ్ ఇస్త్రీ చొక్కా వేసుకుని రావడం అదే మొదటిసారి చూశాను. టేపు తెగిందని ముందే చెప్పాను. ఆయన నా భుజం తట్టి, "ఎక్కించావుగా, అది చాలు," అన్నాడు. కాస్త శుభ్రం కూడా చేశానని గొప్పగా చెప్పాను. ఆ మాట విని అందరూ తమ బీరు సీసాల వంక చూసుకున్నారు. మెచ్చుకోలు అనుకున్నాను.

నొక్కాను. ఖాళీ ఇంట్లో ఒక పెద్దాయన కరెంటు బిల్లు పైకి చదువుతుంటే, పక్కగదిలో ఎవరో నెమ్మదిగా మేకు కొడుతున్నట్టు వచ్చింది. అదే డ్యాంప్ కార్పెట్స్. తివాచీ పూర్తిగా ఆరిపోయింది.

"చాలా క్లీన్‌గా ఉంది," అంది డెబ్. పోయినవాళ్ళ ఇంటికెళ్ళి, 'ఇల్లు బాగుందండీ' అన్నట్టుంది.

కెవ్ మాత్రం ముందుకు వంగి కూర్చున్నాడు. "ఆగండి, మొదటి పాట అవగానే వస్తుంది జాన్."

పాట అయింది. ఎవరూ రాలేదు.

"రెండో పాట తర్వాతేమో."

రెండో పాట తర్వాత, నేను నాలుగు రోజులు కష్టపడి తయారుచేసిన స్వచ్ఛమైన నిశ్శబ్దం వచ్చింది. కెవ్ లేచి, స్పీకరు వైరు ఊడిందేమోనని చూశాడు. గట్టిగా నొక్కి పెట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మళ్ళీ కూర్చున్నాడు.

వంశీగాడు నా చెవిలో అన్నాడు. "ఒరేయ్, ఆ దగ్గు ఆమెదేనేమోరా."

"మెల్లగా మాట్లాడు."

"వీళ్ళకు తెలుగొస్తదా?"

"నా మొహం చూస్తే చాలు, ఏ భాషైనా అర్థమవుతుంది."

మూడో పాట అవుతుండగా కెవ్ నావైపు తిరిగాడు. కోపంగా కాదు. కోపంగా తిరిగి ఉంటే బతికిపోయేవాణ్ణి. "సాట్, తను ఇక్కడ నాతో ఒక మాట అంటుంది. ఏమందో మర్చిపోయాను. అది విందామనే," అన్నాడు.

నేను గదిలోకి ఎలా పరిగెత్తానో, దారిలో ఏమేం తన్నుకున్నానో గుర్తులేదు. ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, 'చెత్త' తెరిచి, దేవుడి మీద భారం వేసి నొక్కాను.

పెరడు అదిరింది. కెవ్ కుక్క బల్లకిందికి దూరింది. బుస, గుయ్యి, కీచు, రేకుల షెడ్డు, నేను కోసిపారేసిన సమస్తం ఒక్కసారి మీద పడ్డాయి. డెబ్ చేతిలో సాసేజీ అలాగే ఉండిపోయింది. "ఇదే," అంది. "హాల్లో ఇలాగే ఉంది. మొదటి ఆల్బమ్‌లో కూడా వీళ్ళు ఇంత బాగా వాయించలేదు."

పాట ఆగింది. పొట్లం గరగర. ఒక దగ్గు. తర్వాత మైకు పక్కనే, చాలా దగ్గరగా, ఒక ఆడగొంతు వచ్చింది.

"కెవ్, చిప్స్ అయిపోయాయి. ఇంకా ఎంతసేపు వీళ్ళు? పుణ్యాత్ములెవరైనా ఈ గోలను కాస్త శుభ్రం చేస్తే బాగుండును."

ఇన్నేళ్ళుగా తొలి అభిమాని పేరు చెప్పి బీరు సీసాలెత్తిన ఆ ఐదారుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కెవ్ భుజాలు వణకడం మొదలైంది. ఏడుస్తున్నాడనుకుని నేను టిష్యూలు అందుకున్నాను. ఏడుపూ ఉంది గానీ, అందులో నవ్వే ఎక్కువ.

"తనకు ఈ బ్యాండంటేనే గిట్టదు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "రికార్డరు కొత్తది, పనిచేస్తుందో లేదో చూద్దామని వచ్చింది. మీరంతా బిరుదిచ్చాక నిజం చెప్పలేకపోయాను." తర్వాత నావైపు చూశాడు. "సాట్, తను పుణ్యాత్ముడి కోసం అడిగింది. రావడానికి నీకు ఇన్నేళ్ళు పట్టింది."

దాన్ని ఆ ఆర్వోలో మూడుసార్లు విన్నాం. జరిగిన నష్టానికి పరిహారంగా, రెండు ఫైళ్ళనూ కలిపి మళ్ళీ పాత టేపులా చేయడానికి ప్రయత్నిస్తానని అన్నాను.

"ముట్టుకోకు," అన్నారు ఆరుగురూ ఒకే గొంతుతో. రికార్డింగుల సంగతిలో వాళ్ళు ఏకాభిప్రాయానికి రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఫోల్డరు పేరుకు అర్థమేమిటని డెబ్ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. మూడో ఆల్బమ్‌కు అంతకన్నా మంచి పేరు దొరకదని అక్కడికక్కడే తీర్మానించారు. మొన్న టూవూంబా వెళ్తే అందరూ గుండెల మీద తెలుగు అక్షరాల్లో 'చెత్త' అని అచ్చువేసిన టీషర్టులు వేసుకుని ఎదురొచ్చారు. ఊళ్ళోని తెలుగువాళ్ళు, అది రాసిచ్చిన మహానుభావుడెవరని ఇప్పటికీ వాకబు చేస్తున్నారట. మీరు చెప్పకండి.

శబ్దశుద్ధికి వెళ్ళి బుద్ధిశుద్ధి చేయించుకున్నవాడిగా, యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, ఇకపై అడిగిన పనికి మించి ఒక్క పనీ చేయను. ఎక్కించమంటే ఎక్కిస్తాను, దించమంటే దించుతాను. దగ్గులు ఏరను, తాళాలు సరిచేయను, ఎవరి చప్పుడునూ వాళ్ళకన్నా బాగుచేయను. ఇది జాన్ గారి దగ్గు సాక్షిగా చేసిన ప్రమాణం.

ఇప్పుడు మేముండేది స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ అనే ఇంకో చోట. పై వాక్యాలు రాయగానే మా ఆవిడ సుజాతకు చదివి వినిపించాను. ఆవిడ మొత్తం ఓపిగ్గా విన్నది.

"అడిగిన పనికి మించి చేయనన్నారు, బాగుంది," అంది. "గ్యారేజీ ఊడవమని నేను అడిగి మూడు వారాలైంది. అడిగిన పని సంగతేమిటి?"

చీపురు ఎక్కడుందో వెతుకుతున్నాను. ఊడ్చిన దుమ్ము మాత్రం పారేయను. ఏదైనా ఐస్‌క్రీమ్ డబ్బాలో పోసి, మీద పేరు రాసి దాస్తాను.