నూజివీడులో మేం భయపడింది మామిడిపండుకి

రాజమండ్రిలో పొద్దున ఏడింటి రైలు ఎక్కేటప్పటికి మా సంచిలో బట్టల కంటే మందులే ఎక్కువున్నాయి. మా ఆయనకి కొన్నాళ్లుగా కిడ్నీలు సరిగ్గా పనిచేయడం లేదు. డయాలసిస్ దాకా రాలేదు గానీ, ఆ మాట ఎప్పుడు వినాల్సి వస్తుందోనని చెకప్‌కి వెళ్లిన ప్రతిసారీ గుండె చిక్కబట్టుకుని కూర్చుంటాం. అలాంటి మనిషిని మే నెలలో నూజివీడు తీసుకెళ్లడం నాకు బొత్తిగా ఇష్టం లేదు. కానీ వాళ్ల అక్క, మా రత్నం వదిన, "తినొద్దులే తమ్ముడూ, కాపు చూసి వెళ్దువుగాని" అని ఫోన్లో అడిగేసరికి ఆయన కాదనలేకపోయారు.

కిడ్నీ జబ్బున్నవాళ్లలో చాలామందికి పొటాషియం ఎక్కువున్న తిండి పడదు. కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే రక్తంలో పేరుకుని గుండె మీదికి వస్తుంది. మా డాక్టరు ఉదాహరణకని కొబ్బరినీళ్లు, అరటిపండు, మామిడిపండు చెప్పారు. నాకు ఆ మూడే గుర్తుండిపోయాయి.

రైల్లో ఎదురుసీటాయన నూజివీడులో మామిడి వ్యాపారం చేస్తారట. ఏలూరు దాటాక బుట్టలోంచి రెండు చిన్న రసాలు తీసి మా ఆయన చేతిలో పెట్టబోయారు.

"వద్దండీ, ఆయనకి పడవు" అన్నాను గబుక్కున.

"నూజివీడు వెళ్తూ రసం తినరా? మరెందుకండీ వెళ్లడం?" అని నవ్వారాయన.

మా ఆయన కూడా నవ్వారు గానీ, నాకు నవ్వు రాలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకి ఒక మాట. నూజివీడు స్టేషన్ అన్న పేరే గానీ, రైలు దింపేది హనుమాన్ జంక్షన్‌లో. అక్కణ్నుంచి ఊళ్లోకి బస్సులూ, షేర్ ఆటోలూ ఉంటాయి. మేం జంక్షన్‌లో ఇడ్లీ తిని బస్సెక్కాం. దారి పొడుగునా రెండు వైపులా తోటలే. కాయల బరువుకి కొమ్మలు నేలకి ఆనుతున్నాయి. అవి చూడ్డానికే మనుషులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. నాకు మాత్రం శత్రువుల మధ్యలోంచి వెళ్తున్నట్టుంది.

వదినా వాళ్ల ఇల్లు ఊరి చివర, తోటని ఆనుకుని ఉంటుంది. నడవలో గడ్డి పరిచి పండ్లు మాగేశారు. గదిలోకి వెళ్లినా, తలుపులు వేసుకున్నా ఆ వాసనే. భోజనాల దగ్గర వదిన భర్త, అన్నయ్యగారు, రసం పిండుకుని పెరుగన్నంలో కలుపుకుంటుంటే నా చూపంతా మా ఆయన చెయ్యి మీదే.

వదిన పాపం ఆయన మీద ప్రేమతో మథనపడిపోయింది. "ఇంటి నిండా పండ్లు పెట్టుకుని తమ్ముడికి ఒక్క ముక్క పెట్టలేకపోతున్నానే" అంది. ఆ మర్నాడు పొద్దున నానబెట్టిన ప్రూన్స్ గిన్నెతో తెచ్చింది. ప్రూన్స్ అంటే ఎండబెట్టిన ప్లమ్ పండ్లు. నల్లగా, ముడతలు పడి, పెద్ద ఎండు ద్రాక్షల్లా ఉంటాయి.

"మలబద్ధకంతో నేను పడ్డ బాధ నీకు తెలుసుగా లక్ష్మీ. ఇవి మొదలుపెట్టాక హాయిగా ఉంది. ఎముకలకీ మంచివట. తమ్ముడికీ అదే ఇబ్బంది అన్నావుగా!"

ప్యాకెట్ తిప్పి చూశాను. చక్కెర కలపలేదని ఉంది. మామిడిపండు కాదు, అరటిపండు కాదు. హమ్మయ్య అనుకున్నాను. ఆయనకి రుచి నచ్చింది. ప్రయాణంలో బిగుసుకున్న కడుపు ఆ రోజే తేలికపడింది కూడా. దాంతో వదిన సంబరపడిపోయి రోజూ గిన్నెడు నానబెట్టడం, ఆయన అవి తిని నానిన నీళ్లు కూడా తాగడం మామూలైపోయింది. పగలంతా బావామరుదులిద్దరూ ఎండలో, తోటలో.

ఆరో రోజు పొద్దున కాఫీ ఇద్దామని వెళ్తే మా ఆయన మంచం మీదే కూర్చుని ఉన్నారు.

"కాళ్లు బరువుగా ఉన్నాయి లక్ష్మీ. లేవలేకపోతున్నా."

"ఎండ తగిలిందేమోనండీ" అన్నాను, నాకు నేను చెప్పుకుంటున్నట్టు.

"గుండె కూడా ఏదోలా ఉంది. కొట్టుకుంటూ కొట్టుకుంటూ మధ్యలో ఆగినట్టు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అన్నయ్యగారు కారు తీశారు. ఊళ్లోనే ఉన్న చిన్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ కాగితం చూస్తూనే అక్కడి డాక్టరమ్మ ముఖం మారిపోయింది.

"గీతలు ఇలా సూదుల్లా లేచాయంటే పొటాషియం బాగా పెరిగి ఉండాలి. మామిడిపండ్లు తిన్నారా?"

"ఒక్క ముక్క కూడా తిననివ్వలేదమ్మా" అన్నాను.

"కొబ్బరినీళ్లు?"

"లేదు."

"మరి ఏం తింటున్నారు? గుర్తు తెచ్చుకోండి."

నా వెనక నుంచి వదిన గొంతు సన్నగా వినిపించింది. "పొద్దున్నే ప్రూన్స్ పెడుతున్నానండీ... రోజూ గిన్నెడు."

డాక్టరమ్మ నర్సుని కాల్షియం ఇంజెక్షన్ తెమ్మంది. గుండెకి రక్షణగా అది ఇచ్చి, వెంటనే విజయవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లమని అంబులెన్స్ పిలిపించింది.

ఆ ప్రయాణం పగవాళ్లకి కూడా వద్దు. మామిడి లోడు లారీలు రోడ్డు నిండా ఉన్నాయి. హనుమాన్ జంక్షన్ దగ్గర సైరన్ మోగుతూనే ఉంది, బండి మాత్రం కదలదు. మా ఆయన కళ్లు మూసుకుని పడుకున్నారు. నేను మానిటర్ మీద పచ్చగీత వైపే చూస్తున్నాను.

"భయంగా ఉందా?" అని ఆయనే అడిగారు, కళ్లు తెరవకుండా.

"లేదండీ" అన్నాను. నా పళ్లు కొట్టుకుంటున్న చప్పుడు ఆయనకి వినిపించకుండా ఉంటుందా!

విజయవాడలో ఐసీయూ తలుపు మూసుకున్నాక నేనూ వదినా బయట బెంచీ మీద కూర్చున్నాం. తను నా వైపు చూడలేదు. "వాడికేమైనా అయితే నా చేత్తో నేనే..." అని ఆగిపోయింది. తన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

సాయంత్రానికి పొటాషియం దిగడం మొదలైంది. మందులతోనే సరిపోయింది, డయాలసిస్ అవసరం పడలేదు. అక్కడి డాక్టరు మాకు ఓపిగ్గా చెప్పారు.

"తప్పు ఒక్క ప్రూన్స్‌దే కాదమ్మా. ఆయన వాడే బీపీ మాత్ర కూడా పొటాషియాన్ని పెంచేదే. దానికి ఎండదెబ్బ తోడైంది. పైగా ఎండబెట్టిన పండు కదా, నీరు పోయి పొటాషియంతో సహా సారమంతా దగ్గరపడుతుంది. అందుకే గుప్పెడు తిన్నా చాలా తిన్నట్టే."

"నేను కూడా మానేయాలా బాబూ?" అని వదిన బెదురుగా అడిగింది.

"మీ కిడ్నీలు బాగానే ఉన్నాయిగా? నాలుగైదు తినండి, మంచిదే. మరీ ఎక్కువైతే కడుపుబ్బరం, విరేచనాలు. షుగర్ ఉంటే మాత్రం లెక్క చూసుకోవాలి."

కొన్నాళ్లకి డిశ్చార్జ్ చేశారు. విజయవాడలో మధ్యాహ్నం రైలెక్కాం. మా ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. మొహం వాడిపోయింది గానీ, తోటల మధ్య తిరిగిన రోజుల గురించి హుషారుగానే చెబుతున్నారు. మళ్లీ వెళ్దామన్నారు కూడా. వెళ్తాం. అంత పచ్చదనం, అంత ఆప్యాయత ఉన్న ఊరు చూడాల్సిందే. మీరూ వెళ్లండి, కడుపారా రసాలు తినండి. మీలో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం, ఏ కొత్త పండైనా నోట్లో పెట్టుకునే ముందు డాక్టర్ని ఒక్క మాట అడగండి.

రైలు కృష్ణా జిల్లా దాటేలోపు ఆయన నిద్రపోయారు. నేను ఆయన మణికట్టు పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఉన్న ముసలావిడ చూసి, "ఎంత ప్రేమమ్మా మీకు!" అంది. నవ్వాను. నా వేళ్ల కింద నాడి కొట్టుకుంటోంది. ఒకటి, ఇంకొకటి, ఆ తర్వాతది ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూనే రాజమండ్రి చేరాను.