ఓష్ నుంచి వచ్చిన ఫోను

హన్మాండ్లుది జగిత్యాల దగ్గరి ఊరు. సౌదీలో బురైదా చుట్టుపక్కల ఖర్జూరపు తోటలకూ గుర్రాల షెడ్లకూ నీళ్ల పైపులు బాగుచేస్తాడు. పద్నాలుగేళ్లలో అతనికి ఫోను చేసినవాళ్లు మూడే రకాలు: ఇంటివాళ్లు, ముదీర్ అనే మేనేజరు, పైపు పగిలినవాళ్లు. అందుకే ఒక శుక్రవారం పొద్దున ఎవరిదో తెలియని నంబరు నుంచి, రేడియోలో వార్తలు చదివినట్టు తెలుగు వినబడేసరికి చాయ్ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు.

“గౌరవనీయ మిత్రమా, నేను కిర్గిజ్‌స్తాన్ దేశపు ఓష్ నగరం నుండి ఐజాదాను. మేము పౌర సమాజం. తలాయ్ అను వ్యక్తి యొక్క క్షేమము కోరుచున్నాము.”

అది మనిషి గొంతు కాదు. ఎవరో ఆమె తన భాషలో మాట్లాడితే ఫోనే తెలుగు చేసి పంపుతోంది. తలాయ్ మాత్రం తెలుసు. గుర్రాల షెడ్డులో పనిచేసే ముప్పై ఏళ్ల మనిషి. రంజాన్ ముందు ఒకసారి హన్మాండ్లు ఫోను అడిగి తల్లితో మాట్లాడాడు. ఇప్పుడు నెలన్నరగా కొడుకు జాడ లేక ఆ తల్లి ఐజాదా దగ్గరికి పోయిందట, తన దగ్గరున్న ఆ ఒక్క నంబరూ పట్టుకుని.

“నువ్వు ఆయనకు అక్కవా, చెల్లెవా అమ్మా?” అని ఫోనులోకి గట్టిగా అడిగాడు హన్మాండ్లు.

“కాదు.”

“గవర్నమెంటా?”

“కాదు. మేము ప్రభుత్వము కానివారము.”

“మరి ఏజెంటువా?”

“కాదు. బేకరీ పైగదిలో ఎనిమిది మంది మహిళలము.”

హన్మాండ్లుకు ఏమీ పాలుపోలేదు. ఏమీ కానివాళ్లు ఎందుకు వెతుకుతున్నట్టు? అయినా కాళ్లు గుర్రాల షెడ్డు వైపే నడిచాయి. అక్కడి సూడాన్ కావలివాడు ఒక గుర్రాన్ని చూపించి, తన మోకాలు తట్టుకుని, “ముస్తష్ఫా” అన్నాడు. గుర్రం తన్నింది, ఆసుపత్రిలో ఉన్నాడన్నమాట.

ఆసుపత్రి రిజిస్టరులో తలాయ్ అనే పేరే లేదు. కేరళ నర్సు జాలిపడి ఎముకల వార్డంతా తిప్పితే ఎనిమిదో మంచం మీద దొరికాడు. కాలికి ఇనుప కడ్డీలు బిగించి ఉన్నాయి. చేర్పించినవాళ్లెవరో తెలియక పేరు తప్పు చెప్పారు, దేశమేమో ‘ఉజ్బెకీ’ అని రాయించారు. అతని ఫోను గుర్రం కాళ్ల కింద నలిగిపోయింది. తల్లి నంబరు నోటికి రాదు. అతని మాట అక్కడ ఎవరికీ తెలియదు. హన్మాండ్లును చూడగానే రెండు చేతులూ పట్టుకుని ఏడుస్తూనే నవ్వాడు. వాళ్లిద్దరికీ తెలిసిన అరబ్బీ మాటలు నాలుగైదుకు మించవు.

“తమామ్, తమామ్,” అన్నాడు హన్మాండ్లు. బాగానే ఉందని అర్థం. ఏం బాగుందో తనకే తెలియదు.

ఆ కబురు చెబితే ఐజాదా ఆగకుండా కృతజ్ఞతలు చెప్పింది. తర్వాత అసలు చిక్కు తెచ్చిపెట్టింది. తలాయ్ ఎక్కడున్నాడో, ఏ దేశంవాడో చూసి చెబుతూ “మీ సంస్థ తరఫున” ఒక ఉత్తరం కావాలట. అది పట్టుకుని వాళ్ల సర్కారు తలుపు తడతారట.

సంస్థ! హన్మాండ్లు కంపెనీ ఆఫీసులో కాగితాలు చూసే హైదరాబాద్ రియాజ్ దగ్గరికి పరుగెత్తాడు.

“పాగల్ అయినవా భయ్?” అన్నాడు రియాజ్. “పర్మిషన్ లేకుండ ఇక్కడ జమియ్యా, సంఘం అన్న మాట కూడ అనొద్దు. సంస్థ అని సంతకం పెడితే నీ ఇఖామా పోతది, దేశంల ఉండనియ్యరు.”

“నేనేం సంస్థ పెట్టలే. ఆమెనే అంటున్నది.”

“ఎందుకంటున్నది?”

“అదే సమజైతలేదు.”

సాయంత్రం ఇంటికి ఫోను చేసి భార్య దేవవ్వకు మొత్తం చెప్పాడు.

“ఎనిమిది మంది ఆడోళ్లంటివి. సంఘమే గదనయ్యా,” అంది దేవవ్వ. “మేం బెల్టు షాపు మూయించినప్పుడు మమ్మల్ని ఎవలు పంపిన్రు?”

“మీరు మూసింది మీ ఊరి షాపు. ఆమెకు నేనేమైత? నాకు తలాయ్ ఏమైతడు?”

“నాకేమెరుక? ఆయన మంచంల పడ్డది నిజమేనా కాదా? అది రాయి. లేని సంస్థ ఎందుకు రాస్తవు?”

హన్మాండ్లు తెల్లకాగితం మీద తెలుగులోనే రాశాడు. ‘నా పేరు హన్మాండ్లు. పైపుల పని. తలాయ్‌ని నా కళ్లతో చూసిన. ఎనిమిదో మంచం. కాలు ఇరిగింది. ఆయన ఉజ్బెకీ కాదు, కిర్గిజ్.’ కింద ఆసుపత్రి పేరు రాసి, సంతకం పెట్టి, ఫోటో తీసి పంపాడు. చేసింది తప్పో ఒప్పో తేలక రెండు రోజులపాటు మూయాల్సిన వాల్వులు తెరిచాడు, తెరవాల్సినవి మూశాడు.

పదో రోజున రియాద్ నుంచి వాళ్ల ఎంబసీ మనుషులు ఇద్దరొచ్చారు. మరో నెలకు దేశం దాటనిచ్చే ఎగ్జిట్ కాగితం చేతికొచ్చి, తలాయ్ చక్రాల కుర్చీలో విమానమెక్కాడు.

అక్కడితో అయిపోయిందనుకుంటే ఐజాదా తమలాంటి సంఘాలవాళ్ల వీడియో మీటింగుకు పిలిచింది. ఫోనులో గళ్లు గళ్లుగా మొహాలు. ఒకరిది కజకిస్తాన్, ఇంకొకరిది మోల్డోవా. హన్మాండ్లు మొహం కింద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. పక్కనే కూర్చున్న రియాజ్ అది చదివి ఉలిక్కిపడ్డాడు.

“సౌదీ భాగస్వామి అని రాసిన్రు భయ్ నిన్ను! జల్దీ తీసేయమను!”

అడిగితే ఐజాదా దాన్ని ‘మిత్రుడు’ అని మార్చింది. అప్పుడు ఆర్మేనియా నుంచి తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన మాట్లాడాడు. ఫోను ఎప్పటిలాగే వార్తలు చదివింది.

“మా యవ్వనములో, సోవియట్ కాలమున, సంఘమనిన పైనుండి ఆజ్ఞ వచ్చెడిది. చేరమనిన చేరితిమి. ఎవరూ చెప్పకుండ కలిసి పనిచేయుట ముప్పది ఏళ్లుగా నేర్చుకొనుచునే ఉన్నాము. మీరు ఎట్లు నేర్చితిరి?”

హన్మాండ్లు రియాజ్ వైపు చూశాడు. రియాజ్ తల అడ్డంగా ఊపాడు.

“నేనేం నేర్వలే సార్. ఫోనొచ్చింది, పోయిన,” అన్నాడు.

ఆ మాటను ఫోను వాళ్ల వాళ్ల భాషల్లో చదివింది. తర్వాత గళ్లలో ఉన్నవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. ముసలాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“నేనేమన్నా తప్పు మాట్లాడిన్నా?” అని రియాజ్‌ను అడిగాడు హన్మాండ్లు.

“తెల్వదు భయ్. ఆ ఫోను ఏమని చెప్పిందో ఏమో.”

వారం తిరక్కుండానే తజికిస్తాన్ నుంచి, ఆ మీటింగులోనే ఉన్న ఇంకొకామె రాసింది. తబూక్‌లో ఏదో పెద్ద ఫారంలో పనిచేస్తున్న తజిక్ మనిషి ఫోటో పంపింది. మూడు నెలలుగా మాట లేదట. తబూక్ ఇక్కడి నుంచి ఒక పూటలో చేరే దూరమా? హన్మాండ్లు ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. ముక్కూ మొహం తెలియదు. తబూక్‌లో బోరు మోటార్లు చూసే పక్కూరి సదానందానికి ఆ ఫోటో పంపి, ఫోను కలిపాడు.

“ఎవలీయన? ఎవలడిగిన్రు?” అన్నాడు సదానందం.

“చెప్తే నీకు సమజ్ కాదు. నాకే కాలే. ఒకపారి పోయి చూసిరా.”

అవతల సదానందం ఏదో గొణిగాడు. ఫోటో తెరిచి చూసి, “మొహం సక్కగ కనవడ్తలేదు. ఇంకో ఫోటో ఉంటే పంపు,” అన్నాడు.