పెండ్లి కాని మా ఆయన

ఈ సాయంత్రం మన హనుమకొండలో ఆ లావాయన, బక్కాయన కలిసి చేసే మేజిక్ ఆట చూసి వచ్చాను. వాళ్లిద్దరంటే నాకు ప్రాణం, ఇది నాలుగోసారి చూడటం. పిల్లల ఆట అని ఎప్పుడూ విసుక్కునే మా ఆయన ఈసారి అడగకుండానే వెంట వచ్చారు.

మధ్యలో బక్కాయన, "మేం ముక్కుమొగం ఎరుగనోళ్లు ఒక్కరు పైకి రాండ్రి" అన్నాడు. మా ఆయన చటుక్కున లేచి స్టేజీ ఎక్కారు. నేను మురిసిపోయాను.

"ఏ ఊరన్నా?" అని అడిగాడు బక్కాయన.

"పరకాల."

"పెండ్లయిందా?"

"ఇంకా కాలే."

లావాయన మా ఆయన కోటు జేబులోంచి మూర తర్వాత మూర చీర లాగుతూ, "మరి గీ చీరెవరిదే?" అన్నాడు. హాలంతా పడిపడి నవ్వింది. అది నేను వారం నుంచి ఇల్లంతా వెతుకుతున్న ఆకుపచ్చ చీర.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో, "రోజూ ఆఫీసుల పనున్నదని ఆలస్యంగ వచ్చింది వాళ్లతోని గీ ఆట నేర్చుకునేటందుకేనా?" అని అడిగాను.

"ముందే చెప్తే నీకు మజా ఏముంటది?" అన్నారు.

రేపు కూడా ఆయనదే ఆ వేషమట. పెండ్లయిందా అని అడగగానే హాల్లో లేచి నిలబడదామనుకుంటున్నాను. ఈ గోడపత్రిక చదివే మన మహిళా మండలి అక్కలారా, నా పక్కన కూర్చోవడానికి ఎవరెవరు వస్తారు?