కుప్పుస్వామి వేసిన పెనాంగు ప్రోగ్రాం

చిత్తూరు కలెక్టరాఫీసు ఎదుటి వరండాలో టైపు మిషను పెట్టుకుని అర్జీలు కొట్టే కుప్పుస్వామి అంత భయస్తుణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ వరండా చివరే నా ఫోటో స్టూడియో. పాస్‌పోర్టు ఫారాలు ఆయన నింపేవాడు, ఫోటోలు నేను తీసేవాణ్ణి. కువైట్‌కో దుబాయ్‌కో పోయేవాళ్ళు ముందు ఆయన బెంచీ మీద కూర్చుని, తర్వాత నా అద్దం ముందు తల దువ్వుకునేవాళ్ళు. అట్లా పన్నెండేళ్ళు పక్కపక్కనే బతికాం. కాబట్టి ఆయన్ను గురించి నాలుగు మాటలు చెప్పే హక్కు నాకుంది. ఎగతాళి చేసే హక్కు కూడా ఉంది.

బీరువాకు తాళం వేసి వీధి మలుపు దాకా వచ్చేవాడు. మళ్ళీ వెనక్కి పోయి తాళం లాగి చూసేవాడు. ఇట్లా మూడుసార్లు అయితే గాని ఆఫీసుకు బయలుదేరడు. బస్సులో ముందు సీట్లో కూర్చోడు, ఎదురుగా లారీ వస్తే అని. చివరి సీట్లో కూర్చోడు, వెనకనుంచి లారీ వస్తే అని. పట్టపగలు సంచిలో టార్చిలైటు. హోటల్లో నీళ్ళు ముట్టడు. తాడును చూసి పామనుకునేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. ఈయన తాడు లేనిచోట కూడా పామును వెతికే రకం.

అయితే ఆ భయమే ఆయనకు కూడు పెట్టిందని ఒప్పుకోవాలి. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక మనిషి ఫారంలో పుట్టిన తేదీ తప్పు కొట్టాడట. ఫారం హైదరాబాదునుంచి తిరిగొచ్చి, సరిచేసి మళ్ళీ పంపేలోపల ఆ మనిషికి రావలసిన పని ఇంకొకరికి పోయింది. అతను వచ్చి తిట్టలేదు, కొట్టలేదు. మిషను ఎదుట కూర్చుని ఏడ్చి లేచిపోయాడు. ఆనాటినుంచి కుప్పుస్వామి ఏ కాగితమైనా ఐదుసార్లు చదవనిదే సంతకం పెట్టనిచ్చేవాడు కాదు. ఆయన కొట్టిన ఫారం తిరిగిరాదని జిల్లా అంతా పేరు.

ఆ పేరు వినే ఎనభయ్యో సంవత్సరం ఆగస్టులో ఆదిమూలం వచ్చాడు. బంగారుపాళ్యంలో ఆయనకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. ఆ ఏడు కాపు విరగకాసింది. ఆయన చుట్టం పెంచలయ్య అనే సత్యవేడు మనిషి మలేషియాలోని పెనాంగులో సరుకుల అంగడి పెట్టుకుని ఉన్నాడు. ఒకసారి వచ్చి చూసి పొమ్మని ఏటా రాస్తున్నాడట. మందతోపాటు తోలుకుపోయే కంపెనీ యాత్ర తనకు వద్దనీ, తనకూ తన భార్య భారతమ్మకూ మాత్రం సరిపోయేటట్టు విడిగా ప్రోగ్రాం వేసి ఇమ్మనీ అడిగాడు ఆదిమూలం.

"పనికి గాదు సామీ. ఊరికే సూసి రావాల," అన్నాడు.

ఊరికే చూసి రావడానికి సముద్రం దాటేవాడు ఆ వరండాకు అంతవరకూ రాలేదు. ప్రయాణానికి కారణం రాయవలసిన చోట కుప్పుస్వామి ఎప్పుడూ ఉద్యోగం అని కొట్టేవాడు. ఈసారి ఒక పూటంతా ఆలోచించి విహారం అని కొట్టాడు. కొట్టాక నా దగ్గరికి వచ్చి, ఇట్లా రాస్తే పట్టుకుంటారా బాషా అని అడిగాడు.

ఇక మొదలైంది ఆయన అవస్థ. పెంచలయ్యకు నీలం ఉత్తరాల మీద నలభై మూడు ప్రశ్నలు రాశాడు. అక్కడ నీళ్ళు కాచి ఇస్తారా, అక్కడి కొండ మీదికి రైలును లాగే తాడు ఎప్పుడైనా తెగిందా, ఓడలో ఎవరికైనా జబ్బు చేస్తే ఏం చేస్తారు, ఇట్లాంటివి. పెంచలయ్య ఓర్పు గలవాడు, అన్నిటికీ జవాబు రాశాడు. రాస్తూ రాస్తూ, మా ఊళ్ళో పాముల గుడి ఉంది, పాములు దేవుడి చుట్టూ తమ పాటికి తాము తిరుగుతూ ఉంటాయి, తప్పక చూడాలి అని కూడా రాశాడు. ఆ ఉత్తరం చదివిన రోజు కుప్పుస్వామి మధ్యాహ్నం అన్నం తినలేదు. ప్రోగ్రాంలో ఆ రోజు ఆ చోట 'విశ్రాంతి' అని కొట్టి పెట్టాడు.

ఇంతా చేసింది ఇంకొకరి ప్రయాణం కోసమే కదా అనుకున్నాం. దసరా పోయాక ఆదిమూలం అసలు మాట బయటపెట్టాడు. తనకు ఇంగ్లీషు రాదు, కుప్పుస్వామి వెంట రావాలి, భార్యను కూడా తీసుకురావాలి, ఖర్చు తనది, కాదంటే తానూ పోడు. కుప్పుస్వామి అక్కడికక్కడే చేతులు జోడించి కుదరదన్నాడు. ఇంటికిపోయి, పెద్ద గండం తప్పిందన్నట్టు భార్యకు చెప్పాడు.

ఆయన భార్య పంకజాక్షమ్మ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. పెళ్ళై ఇరవై రెండేళ్ళు. పెళ్ళైన కొత్తలో మద్రాసు పోయినప్పుడు సముద్రం చూపిస్తానని తీసుకుపోయి, అలకు ఇరవై అడుగుల దూరంలో ఇసుకలో నిలబెట్టి, ఇక చాలు పదమన్నాడట. కాళ్ళయినా తడుపుకోలేదు ఆమె. తర్వాత కాశీ వద్దన్నాడు, ఊటీ వద్దన్నాడు, చివరికి కాణిపాకం తిరనాళ్ళకు కూడా జనం ఎక్కువని వద్దన్నాడు. కిక్కురుమనలేదు. ఈసారి మాత్రం, మీరు రాకపోతే ఉండండి, నేను భారతమ్మతో కలిసి పోతాను అనింది. ఆమె ఒంటిగా ఓడెక్కడం ఆయన భయాలన్నిటికన్నా పెద్ద భయమైంది. మర్నాడు ఆదిమూలానికి సరేనన్నాడు.

పాస్‌పోర్టుకు ఆమె ఫోటో తీసింది నేనే. పంకజాక్షమ్మ జడ వాళ్ళ వీధిలో పేరుమోసింది, విప్పితే మోకాళ్ళు దాటేది. జడ ముందుకు వేసుకుని, కనకాంబరాలు పెట్టుకుని కూర్చుంది. ఆ నెలలో నేను తీసిన ఫోటోల్లో అంత బాగా వచ్చింది ఇంకొకటి లేదు. ఆ మంచి ఫోటోనే చివరకు మా అందరి ప్రాణం తీస్తుందని ఎవరికి తెలుసు.

ప్రయాణం ఫిబ్రవరిలో, మద్రాసునుంచి ఓడలో. కుప్పుస్వామి టైపు చేసిన ప్రోగ్రాం ఐదు పేజీలు. ఏ రోజు ఎక్కడ, ఏ పూట ఏమి తినాలి, ఏ సంచిలో ఏముంది అన్నీ అందులో ఉన్నాయి. కలరా సూదులు, ఊరగాయ జాడీకి మైనం పూయడం, నగలు ఇంట్లోనే పెట్టి రావడం. పదిహేడో నంబరులో ఇట్లా ఉంది: 'ఎవరికైనా మొక్కులు ఉన్న యెడల బయలుదేరుటకు ముందే తీర్చుకొనవలెను.' దేవుడికి బాకీ పెట్టుకుని సముద్రం మీదికి పోతే ఆయన ఊరుకుంటాడా అని కుప్పుస్వామి భయం. మొక్కు కోరిక తీరాక తీర్చేది కదా సామీ అన్నాను నేను. సాయిబువి నీకేం తెలుసు అన్నాడు. ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది.

బయలుదేరే ముందురోజు పంకజాక్షమ్మ భారతమ్మను తోడు తీసుకుని తిరుమలకు పోయింది. ఏం మొక్కని ఆయన అడిగితే చెప్పలేదట. ఆడవాళ్ళు మూడు కత్తెరలు ఇచ్చి వస్తారు కదా, అంతే అనుకున్నాడు. సాయంత్రం మేమిద్దరం వరండాలో ఉండగా రిక్షా దిగింది ఆమె. నున్నటి గుండు, గుండు నిండా గంధం, ముఖాన పట్టరాని సంతోషం. ముసుగైనా వేసుకోలేదు.

కుప్పుస్వామి పైకి లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. ఐదు పేజీలు ఐదేసిసార్లు చదివిన మనిషికి తట్టనిది అప్పుడు తట్టింది. పాస్‌పోర్టులో ఉన్నది జడ ఉన్న ఆడమనిషి. ఆమెను తన బెంచీ మీద కూర్చోబెట్టి నా స్టూడియోలోకి వచ్చి, మళ్ళీ ఫోటో తీయి బాషా అన్నాడు. తీస్తే ఏం లాభం, పాత ఫోటో మీద గవర్నమెంటు ముద్ర పడి ఉంది, దాన్ని ముట్టుకుంటే జైలే. ఆ మాట నేను అనకముందే ఆయనే అన్నాడు. పైగా ఏ ఆఫీసరైనా ఆ ఫోటో పక్కన ఈ ముఖం పెట్టి చూస్తే ఒకే మనిషని చెప్పడు. నా మాట కాదు, నా కన్ను చెప్పింది.

చివరికి నాకొక సంగతి తోచింది. కల్యాణకట్టలో గుండు చేయించుకునేవాళ్ళకు చీటీ ఇస్తారు. ముద్ర, తేదీ ఉంటాయి. ఆమె కొంగున సగం చించిన చీటీ ఉండనే ఉంది. అది జోబులో పెట్టుకోండి, అడిగితే తీసి చూపించి తిరుపతి మొక్కని చెప్పండి, మద్రాసులో తిరుపతి గుండు తెలియని వాడెవడు అన్నాను. కుప్పుస్వామి దాన్ని మడిచి, చొక్కా జోబులో పెన్నుకు వెనక పెట్టుకున్నాడు. దారంతా తడిమి చూసుకుంటూనే పోయాడట.

ఇక్కడినుంచి ఆయన తిరిగివచ్చాక నాకు చెప్పింది. ఎవరికీ చెప్పవద్దన్నాడు. ఆయన పోయి చాలాకాలమైంది కాబట్టి చెబుతున్నాను.

మద్రాసు హార్బరు షెడ్డులో పెద్ద వరస. ఆదిమూలం, భారతమ్మ ముందు పోయారు. వాళ్ళ పుస్తకాల మీద టకటక ముద్ర పడింది. తర్వాత పంకజాక్షమ్మ. ఆఫీసరు ఫోటో చూశాడు, ఆమెను చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. ఈ పుస్తకం ఎవరిదని అరవంలో అడిగాడు. ఆమె నాదేనంది. ఆయన నవ్వలేదు. పుస్తకం పక్కన పెట్టి, పైఆఫీసరు వచ్చేదాకా అక్కడ కూర్చోమని గోడ దగ్గరి బెంచీ చూపించాడు. వెనకే ఉన్న కుప్పుస్వామిని కూడా కూర్చోమన్నాడు. ఆదిమూలం దంపతులు వెనక్కి చూస్తూ చూస్తూ ఓడ మెట్లెక్కారు. ఓడ కూత వేసింది.

చీటీ తీయవలసిన సమయం అదే. కుప్పుస్వామి తీయలేదు.

"బాషా, ఆ బెంచీ మీద కూసున్నాక నాకు ఎంత హాయిగా ఉండిందో తెల్సునా," అన్నాడు నాతో. తాను ఏమీ అనకుండా కూర్చుంటే చాలు. పైఆఫీసరు వచ్చేలోపల ఓడ పోతుంది. రెండు గంటల బస్సుకు ఎక్కితే చీకటి పడకముందే ఇల్లు. తప్పు తనది కాదు, గవర్నమెంటుది. ఆమె నాలుగు రోజులు ఏడుస్తుంది, వెంట్రుకలు మళ్ళీ మొలుస్తాయి. ఇదంతా ఆలోచించుకున్నాడు. అప్పటికే మనసులో ప్రోగ్రాం కూడా వేసేసుకున్నాడు.

పక్కన పంకజాక్షమ్మ, కొండనుంచి దిగినప్పటినుంచీ ముసుగు వేసుకోని మనిషి, కొంగు తీసి గుండు మీదికి కప్పుకుంది. ఆయనవైపు చూడకుండా, నేలను చూస్తూ అడిగింది.

"మీరు దడుసుకోకుండా ఓడెక్కాలని మొక్కుకున్నా. మీ కాగితంలో ఉండాదని ఎక్కకముందే ఇచ్చేసినా. ఇప్పుడు ఎనక్కి పోతే ఆ మొక్కు సెల్లినట్టా, సెల్లనట్టా?"

కుప్పుస్వామి అన్ని భయాలూ పడ్డవాడు గాని ఆ రకం భయం ఎన్నడూ పడలేదు. దేవుడికి ఆమె ఇవ్వవలసింది ఇచ్చేసింది. ఇక తేల్చవలసింది తానొక్కడే. ఇరవై రెండేళ్ళ జడ పోయింది కూడా తన కోసమే, ఇంతసేపూ తాను ఆ చీటీ జోబులో పెట్టుకుని బస్సు టైము చూసుకుంటున్నాడు. సిగ్గుతో చచ్చిపోయినాను బాషా అన్నాడు.

పిలవకుండా ఏ ఆఫీసరు దగ్గరికీ పోయి ఎరుగని మనిషి. లేచి, వరసను దాటుకుని, బల్ల దగ్గరికి పోయాడు. చీటీ తీసి పెట్టాడు. చెప్పాలనుకున్న ఇంగ్లీషు అంతా మరిచిపోయి, "నా పెండ్లాము సార్, తిరుపతి మొక్కు, నా కోసరం," అని తెలుగులోనే చెప్పాడట. ఆఫీసరు చీటీ మీది ముద్ర చూశాడు. ఇది ముందే చూపించి ఉంటే ఇంతసేపు కూర్చోవలసిన పనేముంది అని కసిరి, ఒక కాగితం మీద ఆమెచేత సంతకం పెట్టించి, పుస్తకంలో ఉన్నదానితో సరిచూసి, రెండు పుస్తకాలకూ ముద్ర కొట్టాడు. మెట్లు లాగేయబోతుండగా ఎక్కారు.

ఓడెక్కాక భయం పోయిందా సామీ అని అడిగాను.

"యాడ పోతాది. ఆరు దినాలు ఓడ ఊచ ఇడిసిపెట్టలే," అన్నాడు.

పెనాంగులో ఆమె ప్రోగ్రాం కాగితం తీసి, 'విశ్రాంతి' అన్నచోట పెన్నుతో కొట్టేసి పాముల గుడికి పోయిందట. ఆయన బయట నిలబడి అందరి చెప్పులూ కాశాడు.

చెప్పాలా వద్దా అని తటపటాయించి, ఒకటి మాత్రం చివర్లో చెప్పాడు. ఓడ కదిలాక ఇద్దరూ పైన నిలబడ్డారు. షెడ్డు చిన్నదైపోయింది. గాలికి ఆమె కొంగు జారినా సర్దుకోలేదు. సముద్రం చూస్తూనే అడిగింది, ఆ చీటీ మొదటినుంచీ మీ జోబులోనే ఉండె గదా అని. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. ఉండిందన్నాడు. ఎంతసేపు ఊరికే కూర్చున్నారని అడిగింది. పది నిమిషాలన్నాడు.

"ఇరవై రెండేండ్లు కూసున్నా నేను. పది నిమిషాలు ఏమంత," అనింది ఆమె.