ఖాళీగా వచ్చిన చెంబు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. కాలేజీలో ఈ విషయం మీద ఎంతమందితో తగువు పడ్డానో. ఇప్పటికీ ఎవరైనా మొదలుపెడితే వదలను. ఇది చదివి నేను మారిపోయానని ఎవరూ సంబరపడనక్కర్లేదు.

యుద్ధం రోజుల్లో పుంగనూరులో మశూచి లేచింది. మా తమ్ముడికి అమ్మవారు పోసిందని తెలిసి, మదనపల్లెలో నా బడికి సెలవు పెట్టి బయల్దేరాను. నాకూ మరదలు రాజమ్మకూ చిన్నప్పుడే పోసి పోయింది. అలాంటివాళ్లు తప్ప ఆ ఇంట్లో అడుగుపెట్టేవాళ్లు లేరు.

రాజమ్మ నిలబడే కునుకుతూ వేపమండతో మొగుడికి విసురుతోంది. అమ్మవారున్న ఇంట్లో తాలింపు వేయకూడదని చప్పటి సంకటి తింటోంది. పాలు మరవని కూతుర్ని వెనక వీధిలో మునెమ్మ ఇంట ఉంచారు. తల్లి వెళ్తే బట్టల వెంట జబ్బు అంటుతుందని పిల్లకు మేకపాలు పడుతున్నారు. ఇక్కడ రాజమ్మకు రొమ్ములు గడ్డకట్టేవి. పూటపూటా చెంబులోకి పాలు పిండి మల్లెపాదులో పోసేది. ఏడ్చేది కాదు. నాకు భయమేసింది అందుకే.

ఒకరోజు మునెమ్మ వీధిలో దూరంగా నిలబడి కేకేసింది. "అక్కా, రాజమ్మ వచ్చి బిడ్డకు పాలిచ్చి పాయ. వద్దంటే ఇనల్యా. మీరన్నా చెప్పండి."

రాజమ్మ మీద విరుచుకుపడ్డాను. "బిడ్డను చంపుకుంటావా? నేను నీళ్లు పోసుకునేదాకా కాచుకోనుంటివా?"

"నేను యాడికీ పోలేదు వదినా. నా బిడ్డ మీద ఆన."

నమ్మలేదు. మునెమ్మనూ నమ్మలేదు. మేకపాలు పట్టే బాధ తప్పించుకోవడానికి అల్లిందేమో.

మర్నాడు మధ్యాహ్నం వీధి తలుపుకు లోపల తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకున్నాను. పెరటి చుట్టూ ఎత్తు గోడ, వేరే దారి లేదు. వేపమండ నేను లాక్కుని రాజమ్మను పడుకోమన్నాను. తమ్ముడి మంచం పక్కనే చాప మీద ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. నేను కన్ను మూయలేదు.

పొద్దు వాలుతుండగా మునెమ్మ మళ్లీ వచ్చింది. "ఏందక్కా, మళ్లీ పంపినారు?"

"బీగమేసి నేనే కాపలా ఉండాను. నువ్వు ఎవుర్ని సూసినావో."

"రాజమ్మను నేనెరగనా? పైటంతా యాపాకు వాసన. బిడ్డ కడుపునిండా తాగి పండుకునింది, మేకపాలు ముట్టల్యా."

రాజమ్మను లేపాను. అలవాటుగా చెంబు తీసుకుని మల్లెపాదు దగ్గరికి వెళ్లింది. చాలాసేపటికి తిరిగొచ్చి, ఖాళీ చెంబు నా ముందు పెట్టి, నా మొహం చూసింది. పొద్దున రాళ్లలా ఉన్న రొమ్ములు మెత్తబడ్డాయి. రవిక తడవలేదు. చాప తడవలేదు. నేనే తడిమి చూశాను.

తమ్ముడు తేరుకున్నాడు. పిల్లకు ఒక్క పొక్కూ లేవలేదు. నిద్రలో పాలు ఇగిరిపోతాయా అని ఆస్పత్రిలో తెలిసిన నర్సును అడిగితే, "ఒక్క పూటలో యాడికి పోతాయమ్మా?" అని నన్నే అడిగింది.

దయ్యమందామంటే చచ్చినవాళ్లు ఎవరూ లేరు. మునెమ్మ అబద్ధమాడిందని ఇప్పటికీ ఎవరితోనైనా వాదించగలను. చెంబు మాత్రం ఖాళీగానే వచ్చింది.